చేపకొక కొలత, మనిషికొక కొలత

నదులు, చెరువుల నీటి నాణ్యతను నిర్ణయించుటకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'ఎ' మొదలు 'ఇ' వరకు ఐదు తరగతుల పట్టికను ఏర్పరచినది. ఏ నీరు ఏ ప్రయోజనమునకు తగునన్నదే దాని మూలసూత్రము. దేశములోని ప్రయోగశాలలకు ఒక ఉమ్మడి భాషను కల్పించిన మేలు దానికి గలదు. కాని పట్టణపు చెరువులకు అన్వయించినపుడు ఒక లోపము బయటపడుచున్నది.

'డి' తరగతి చేపలకు, వన్యజీవులకు ఉద్దేశింపబడినది. లీటరు నీటిలో కరగియున్న ఆమ్లజని 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు. విడి అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు మించరాదు. కోలిఫారం సూక్ష్మజీవుల లెక్క ఇందులో లేదు. అది స్నానమునకు తగిన 'బి' తరగతిలో గలదు: 100 మిల్లీలీటర్లకు 500కు మించరాదు. మరి మొలలోతు నీట దిగి వల విసరు జాలరి ఏ తరగతికి చెందును? అతనికి విరేచనములు పట్టుకొన్నచో ఆ సంగతి ఆసుపత్రి చిట్టాకెక్కును. చెరువు సంగతి ప్రయోగశాల చిట్టాలో నుండును. రెండును కలిసికొనవు.

1854లో లండను నగరమున కలరా వ్యాపించినపుడు డాక్టరు జాన్ స్నో ఇట్టి రెండు చిట్టాలను కలిపెను. మృతుల చిరునామాలు ప్రభుత్వపు మరణ నమోదులలో లభించినవి. ఏ ఇంటికి ఏ కంపెనీ నీరు వచ్చుచున్నదో తెలియనిచోట, నీటిలోని ఉప్పును పరీక్షించి తేల్చెను. మురుగు కలిసిన థేమ్సు నీటినిచ్చిన సౌత్‌వార్క్-వాక్స్‌హాల్ కంపెనీ వాడుకలో 10,000 ఇండ్లకు 315 మంది మరణించిరి. ఎగువ నీటినిచ్చిన లాంబెత్ కంపెనీ వాడుకలో 37 మంది మాత్రమే. ఆ రెండు చిట్టాలను ముడివేసినది ఇంటి చిరునామా.

చోటు కుదిరిన చాలదు, ప్రమాణమును కుదరవలెను. త్రాగునీటిలో నైట్రేటు పరిమితి మన దేశమున లీటరుకు 45 మిల్లీగ్రాములు, అమెరికాలో 10. మనది మిక్కిలి సడలింపు అని తోచును. కాని మనము నైట్రేటును మొత్తముగా లెక్కించుచున్నాము. వారు అందలి నత్రజనిని మాత్రమే. వారి 10 మన లెక్కలో సుమారు 44 అగును!

కావున పట్టికలో మరియొక తరగతిని చేర్చినంతనే లోపము తీరదు. ప్రతి నమూనాతోను చెరువు పేరు, తీసిన చోటు, తేదీ, గంట, ప్రమాణము, పరీక్షా పద్ధతి తప్పక నమోదు కావలెను. నాచు పెరిగిన చెరువులో ఆమ్లజని వేకువను తగ్గి, ఎండలో పెరుగును. గంట తెలియని అంకె మనలను మోసగించును. ఆసుపత్రి నమోదులలో రోగి పేరు అక్కరలేదు. రోగము, తేదీ, వార్డు చాలును. అదే వార్డు సంఖ్య చెరువు నమోదులోను ఉండవలెను.

రెండు అంకెలు కలిసి పెరిగినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని తీర్మానింపరాదు. కాని శోధింపవలసిన ప్రశ్న అక్కడనే పుట్టును. పాఠకులు తమ ఊరి చెరువు పరీక్షా ఫలితములను చూచునపుడు, అంకె ఎంతయని మాత్రమే గాక, అది ఎక్కడిది, ఎప్పటిది, ఏ లెక్కలోనిది అనికూడ అడుగుట మంచిది.