సర్వే నంబరు తోకలో వంశవృక్షం

1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలో ఒక వరుస ఇట్లా ఉంటుంది: సర్వే నంబరు 112, ఖుష్కీ, 6 ఎకరాల 14 గుంటలు, పట్టాదారు నడిపి మల్లయ్య వల్ద్ ఎల్లయ్య, సొంత కాస్తు, జొన్న. ఈ నంబరూ ఈ పేరూ నమూనాకు నేను రాసినవి. వరుస తీరు మాత్రం సంగారెడ్డి జిల్లాలో ఏ ఊరి ఖాస్రా తెరిచినా ఇంచుమించు ఇదే. భూమి తగాదా మీద వచ్చినవాళ్ళు ఇందులో ఎకరాలు చూసుకుంటారు. నేను మాత్రం ‘వల్ద్’ దగ్గర ఆగిపోతాను. వల్ద్ అంటే ఫలానావారి కొడుకు. ఆ ఒక్క మాటతో 1954లో పొలం గట్టున నిలబడ్డ మనిషి వెనక, అంతకు ముందు శతాబ్దంలో పుట్టి ఉండగల ఇంకో మనిషి వచ్చి నిలబడతాడు. ఫొటో లేదు, పుట్టిన తేదీ లేదు. పేరుంది, భూమి ఉంది, కొడుకు ఉన్నాడు.

స్కాట్లండ్‌లో తాతముత్తాతల్ని వెతికేవాళ్ళ పని చూసి నాకు చాలాకాలం అసూయగా ఉండేది. అక్కడ ఎరల్ అనే ఊరి చర్చి రిజిస్టరు 1553 నుంచీ ఉంది. 1855 జనవరి 1 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు మూడూ ప్రభుత్వమే రాయించింది. చనిపోయినవారి తల్లి పుట్టింటి పేరు కూడా ఆ మరణ పత్రంలో ఉంటుంది. 1841 నుంచి పదేళ్ళకోసారి జనగణనలో ఇంట్లో ఎవరెవరున్నారో పేరుపేరునా రాశారు. నూరేళ్ళు గడిచాక ఆ పుటలు జనానికి తెరుస్తారు. 1921 నాటివి 2022 నవంబరులో తెరిచారు.

మన దగ్గర జనగణన 1881 నుంచీ హైదరాబాద్ రాజ్యంలోనూ జరిగింది. కానీ ఇంటింటి పేర్లు రాసుకున్న కాగితాలు లెక్క తేలాక మిగల్లేదు. పైగా 1948 జనగణన చట్టం ప్రకారం ఒక మనిషి వివరాలు బయటివాళ్ళు చూడటానికి వీల్లేదు. దేశమంతటికీ ఒకే జనన మరణాల చట్టం 1969లో గానీ రాలేదు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నాయి. స్కాట్లండ్ చర్చి పుస్తకాలకు అవి దగ్గరి చుట్టాలు. మిగతా ఊరందరి సంగతి? వాళ్ళ వంశచరిత్ర రాసినవాడు పట్వారీ. తాను రాస్తున్నది శిస్తు లెక్క అనుకుంటూనే రాశాడు.

పహాణీ అన్న మాట మరాఠీది. చూడటం, పరిశీలించడం అని అర్థం. సాలార్‌జంగ్ కాలంలో నిజాం రాజ్యానికి వచ్చిన రైతువారీ సర్వే బొంబాయి పద్ధతిని పట్టుకుని నడిచింది కనుక, ఆ మాట కూడా దానితోపాటే నడిచి వచ్చింది. ఇంట్లో కూర్చుని రాసే లెక్క కాదది. పట్వారీ పొలానికి పోవాలి, చూడాలి, రాయాలి. ఖుష్కీనా (మెట్ట), తరీనా (మాగాణి), బాగాతా (తోట). నీళ్ళు చెరువువా, బావివా. ఏం పైరు వేశారు. పట్టా ఎవరిది, దున్నుతున్నది ఎవరు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. అంత చిన్న తునకదాకా తెగే కొలత అది. అన్నదమ్ముల పంపకంలో గుంటన్నర తేడా వచ్చినా కాగితం మీద కనబడేది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ గౌరవం 1954-55 నాటి ఖాస్రా పహాణీ మీద. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఎవరి పేర పట్టా ఉంది, ఎవరు కాస్తు చేస్తున్నారు అన్నది కొత్తగా, పొలం పొలానికీ తేల్చవలసిన కాలమది. ఫసలీ 1358లో వచ్చిన హక్కుల రికార్డు చట్టం కింద దీన్ని తయారుచేశారు. (ఫసలీ అనే శిస్తు సంవత్సరపు అంకెకు 590 కలుపుకుంటే మన లెక్కకు దగ్గరికి వస్తుంది: 1948.) తెలంగాణలో కోర్టులు ఈనాటికీ భూమి హక్కుకు మూలరికార్డుగా ఖాస్రానే అడుగుతాయి. దాని వెనక్కి పోతే సర్వే నాటి సేత్వార్ ఉంటుంది. ఆ నంబరు మొదట ఎవరి పేర కట్టారో అందులో దొరుకుతుంది. ముందుకు వస్తే 1955 నుంచి 58 దాకా సేసాలా. సే అంటే మూడు, సాల్ అంటే ఏడాది. మూడేళ్ళ పహాణీ అన్నమాట. ఆపైన ఏటేటా పహాణీలు. ఈ మధ్యలో జరిగిన మార్పులన్నీ ఫైసల్ పట్టీలో.

వంశం వెతికేవాళ్ళకు అసలు బంగారం ఫైసల్ పట్టీలో ఉంటుందని నా నమ్మకం. పట్టాదారు చనిపోతే ‘ఫౌతీ’ అని రాస్తారు, వారసుల పేర భూమి ఎక్కితే ‘విరాసత్’ అంటారు. ఈ రెండు మాటలూ మా వైపు ఉర్దూ రానివాళ్ళ నోళ్ళలో కూడా అలవోకగా ఆడతాయి. “ఫౌతీ అయినంక విరాసత్ చేయించుకోలే” అని ఏ ముసలాయనైనా అంటే, ఒక చావూ, ముగ్గురు కొడుకులూ, ఒక ఆలస్యమూ ఆ వాక్యంలో ఉన్నట్టు.

ఇక సర్వే నంబరు తోక సంగతి. 112 మొదట ఒకే ముక్క, ఒకే మనిషిది. ఆయన పోయాక ముగ్గురు కొడుకులు పంచుకుంటే అది 112/అ, 112/ఆ, 112/ఇ అవుతుంది. పెద్దవాడి కొడుకులు మళ్ళీ పంచుకుంటే 112/అ/1, 112/అ/2. అక్షరమాలలో అచ్చులు ముందుకు పోయినకొద్దీ కుటుంబం పెరుగుతుంది. మనం బడి మానేశాక మరిచిపోయిన ‘ఋ’లూ ‘ఌ’లూ ఇక్కడ ‘రు’, ‘లు’ అయి బతికి ఉండటం చూశాను. అలా చూసిన ప్రతిసారీ, ఆ ఇంట్లో ఎంతమంది పంచుకుంటే అక్షరాలు అంతదాకా వచ్చాయో కదా అనిపిస్తుంది. ఏ కాగితం మీదా చెట్టు బొమ్మ గీయకుండానే, కాండం అంకెగా, కొమ్మలు అచ్చులుగా, రెమ్మలు మళ్ళీ అంకెలుగా ఒక వంశవృక్షం ఆరేడు గుర్తుల్లో ఇమిడిపోయింది. ఇంత పొదుపైన వంశవృక్షం నేను మరెక్కడా చూడలేదు.

అయితే తోక ఒక్కటే చూసి నమ్మకూడదు. అమ్మినా తోక పుడుతుంది, పంచుకున్నా పుడుతుంది. 112/ఆ కొన్నవాడిదా, తమ్ముడిదా? ఆ ఏటి ఫైసల్ పట్టీలో ఖరీదు అని ఉందో విరాసత్ అని ఉందో చూడాలి. అదీ దొరక్కపోతే చౌహద్దు చూడాలి: తూర్పున ఎవరు, పడమట ఎవరు అని. తండ్రి చేను పంచుకున్న అన్నదమ్ములు పక్కపక్కనే ఉంటారు గనుక, గట్టుకు అవతల ఉన్న పేరు తరచూ చిన్నాయన పేరే అవుతుంది.

పేర్లతో ఇంకో చిక్కు. స్కాట్లండ్ కుటుంబాల్లో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆచారం ఉండేది. మనకూ తాత పేరే. ఎల్లయ్య కొడుకు మల్లయ్య, ఆ మల్లయ్య కొడుకు మళ్ళీ ఎల్లయ్య. 1954 ఎల్లయ్యా 1985 ఎల్లయ్యా ఒకరేనని పొరబడితే ఒక తరం మొత్తం మాయమవుతుంది. ఒకే దేవుడికి మొక్కుకున్న ఇంట్లో అన్నదమ్ములందరూ మల్లయ్యలే అయినప్పుడు పట్వారీ చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. పెద్ద మల్లయ్య, నడిపి మల్లయ్య, చిన్న మల్లయ్య. ఊరు పిలిచే పిలుపును మార్చకుండా పట్టాకెక్కించాడు. ఆ ‘నడిపి’ వల్ల ఇంట్లో కనీసం ముగ్గురు మగపిల్లలని తెలిసిపోతుంది, మిగతా ఇద్దరి భూమి అమ్ముడుపోయినా సరే. పేరు ఊరి జాడ కూడా చెబుతుంది. సంగయ్య, సంగమ్మ అంటే ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి నీడ. వీరన్న అంటే బొంతపల్లి వీరభద్రుడు.

లిపి దగ్గర చదివేవాళ్ళ పనితనం మొదలవుతుంది. చాలా ఊళ్ళ పాత పహాణీలు ఉర్దూలో, అదీ వడిగా గొలుసుకట్టుగా రాసే షికస్తాలో ఉంటాయి. వడిలో చుక్కలు జారిపోతాయి. బే, పే, తే అక్షరాలకు చుక్కే తేడా. అది లేకపోతే పోచయ్య బోచయ్య అవుతాడు. ఉర్దూలో ఒకారానికీ ఉకారానికీ విడివిడిగా గుర్తు రాయరు కాబట్టి కొండయ్య కుండయ్య కావచ్చు. ఇప్పుడు ఈ రాత చదవగలవాళ్ళు మండలానికి నలుగురైనా ఉన్నారో లేదో. ఒకాయన చదువుతుంటే పక్కన కూర్చున్నాను. ఆయన అక్షరం చదవడు, ఊరిని చదువుతాడు. ఈ ఊళ్ళో ఏ పేర్లుంటాయి, ఏ కులం వాళ్ళు ఏ వైపు చేలు చేస్తారు అని తెలిసి, చుక్క లేనిచోట చుక్క పెడతాడు.

పట్వారీ చేతిపనిని ఇంత మెచ్చుకుంటూ, ఆ కలం ఎవరెవరి భూమిని ఎవరెవరి పేర ఎక్కించిందో మరిచిపోలేం. తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ రాతలూ ఒక కారణం. 1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్ళు సంబురపడ్డాయి, న్యాయంగానే. ఆ రికార్డులో ఇంకో లోటు: ఆడవాళ్ళు చాలా తక్కువ. ‘జౌజే’ అని భర్త పేరుతో, చాలాసార్లు భర్త పోయాకనే వాళ్ళు పుటకెక్కుతారు. తల్లి పుట్టింటి పేరు రాసే స్కాట్లండ్ మరణ పత్రం ముందు మన పహాణీ ఇక్కడ చిన్నబోతుంది. భూమి లేనివాళ్ళయితే అసలు లేరు. మాల మాదిగ కుటుంబాలు కనబడేది ఇనాముల్లో: చెరువు తూము చూసే నీరడి, ఊరి పని చేసే సేత్‌సింధి, మస్కూరి. చేసిన చాకిరీకి ఇచ్చిన ఆ చెలకల లెక్కల్లో వాళ్ళ తండ్రీకొడుకుల పేర్లు వరుసగా దొరుకుతాయి. వెతకాలి.

కాగితం వదిలేసినచోట నోరు అందుకుంది. కాపుల, రెడ్ల గోత్రాలూ ఇంటిపేర్లూ చెప్పే పిచ్చకుంట్లవాళ్ళు (ఇప్పుడు వంశరాజులని పిలుస్తున్నాం), గొల్లలకు మందహెచ్చులు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్ళు. ఏ ఊళ్ళు ఎవరివో వాళ్ళలో వాళ్ళు మిరాసిగా పంచుకున్నారు. వంతు వచ్చినప్పుడు ఆ ఇంటికి వచ్చి, మూలపురుషుడి నుంచి మొదలుపెట్టి వాకిట్లో నిలబడ్డ పిల్లవాడిదాకా వస్తారు. పోయినసారి లేని పేరును ఈసారి కలుపుకుని పోతారు. వాళ్ళ చెప్పడంలో మొదటి భాగం పురాణం, చివరి భాగం చరిత్ర. రెండూ ఎక్కడ అతుక్కున్నాయో తెలియనంత నున్నగా అతికిస్తారు. నాలుగైదు తరాల వరకు వాళ్ళ మాటనూ పహాణీనీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఇంటిపేరు పహాణీలో చాలాచోట్ల ఉండదు, అది వాళ్ళ దగ్గరే ఉంటుంది. తేదీ వాళ్ళ దగ్గర ఉండదు, అది పహాణీలో ఉంటుంది.

పటాన్‌చెరు చుట్టూ ఈ వెతుకులాటకు ఇంకో కాగితం తోడవుతుంది: భూసేకరణ అవార్డు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, ఆ తర్వాత పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలు, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం. ఇన్నిటి కింద ఎన్నో సర్వే నంబర్లు పడి ఉన్నాయి. 1894 భూసేకరణ చట్టం కింద నష్టపరిహారం తేల్చేటప్పుడు హక్కు చెప్పినవాళ్ళందర్నీ రాయాల్సి వచ్చేది. డబ్బు పంచే పుట కాబట్టి ఎవరూ పేరు వదులుకోరు. పహాణీ పట్టించుకోని వదినెలూ, మేనకోడళ్ళూ, ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళూ అందులో బయటికి వస్తారు. 1985 సెప్టెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో వాటా వచ్చాక ఆడపిల్లల పేర్లు ఇంకా పెరిగాయి. భూమి పోయిన రోజున కుటుంబం మొత్తం ఒక పుటలో కూడటం, చదివే నాకు సంతోషమో దుఃఖమో తేలదు.

2020 అక్టోబరులో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ తీసేశారు. ఏలుబడికి అది తేలిక కావచ్చు. కానీ దున్నిన మనిషి పేరు రాయడం మానేస్తే, రేపు వాళ్ళ మనవలు ఏ పుట తెరవాలి? 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాత ఖాస్రాలను స్కాన్ చేసిన నకళ్ళు అడిగితే ఇస్తున్నారు. అంచులు చిరిగినచోట స్కాన్‌లోనూ చిరుగే ఉంది, అయినా మేలే.

పోయిన ఎండాకాలం అలాంటి ఒక నకలు పట్టుకుని, ఫ్యాక్టరీ ప్రహరీకి ఆనుకుని ఉన్న ఒక వాడకు వెళ్ళాను. ఆ ఉర్దూ చదివే పెద్దాయన కూడా వచ్చాడు. అరుగు మీద కూర్చుని వరుస చదివాడు: ఫలానా నంబరు, తరీ, బావి కింద, కుండయ్య వల్ద్ సాయన్న. గడపలో బియ్యం ఏరుతున్న ముసలమ్మ తల ఎత్తింది.

“కుండయ్య గాదు బిడ్డా, కొండయ్య. మా మామ.”

పెద్దాయన కాగితం మళ్ళీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, ఔనమ్మా, కొండయ్యే అన్నాడు. ఆమె చేట పక్కన పెట్టి లేచింది. ఆ బావిని దొరసాని బావి అనేవారట. దాని పక్కన చింతచెట్టు ఉండేదట. ఇప్పుడు లారీలు తిరిగే గేటు ఉంది చూడు, దానికి ఇవతల, అంటూ చెయ్యి చాపి ప్రహరీ గోడకేసి చూపించింది.