జవాబు కోసం ఆగని శభాష్

పోయినేడు మన బడి వక్తృత్వ పోటీలో “సెల్‌ఫోన్ చిన్నపిల్లల మెదడుకు శత్రువు” అని మాట్లాడి నేను మొదటి బహుమతి తీసుకున్నాను. ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. అందులో ఇప్పుడు మా అమ్మ బీడీలు కట్టే దారం పెట్టుకుంటోంది. ఆ రోజు నేను “మెదడు మొద్దుబారిపోతుంది, తెలివి హరించుకుపోతుంది” అని చెయ్యెత్తి గట్టిగా అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే నాకు ఆ విషయం ఏమీ తెలియదు. ఎవరో రాసిచ్చింది బట్టీ పట్టి చెప్పాను. ఈ ఏడు మా తమ్ముడి వల్ల దాని గురించి నిజంగా ఆలోచించాల్సి వచ్చింది. అందుకే ఈ విమర్శ. ఇది ఒక వీడియో మీద, నా ఉపన్యాసం మీద కూడా.

తమ్ముడికి రెండున్నరేళ్లు. ఆ వయసు పిల్లలు మా గల్లీలో గలగలా మాట్లాడుతున్నారు. వీడు పది పన్నెండు మాటలకు మించి అనడు. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, రెండూ కలిసి తికమక పడుతున్నాడని చుట్టాలు అన్నారు. “ఇక తెలుగు మానేసి మరాఠీలోనే మాట్లాడండి” అని కూడా ఒకరు సలహా ఇచ్చారు. ఆ మాట విని అమ్మ ఏడ్చింది. సోలాపూర్‌లో పుట్టి పెరిగి తెలుగు బడిలో చదువుకునే మనందరికీ ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నేను చెప్పనక్కర్లేదు. కానీ మా గల్లీలో గలగలా మాట్లాడే పిల్లల ఇళ్లల్లో కూడా ఆ రెండు భాషలే ఉన్నాయి కదా!

తమ్ముడికి తెలుగు రావాలనే అమ్మ ఒక వీడియో పెడుతుంది. పిల్లలు నవ్వుతూ తెలుగు మాటలు నేర్చుకుంటారని దాని మొదట్లోనే చెబుతారు. అమ్మ పొద్దంతా ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. వెయ్యి బీడీలు అయ్యేదాకా చేతులు ఖాళీ ఉండవు. బాపు మగ్గాల కార్ఖానాలో. అందుకని ఫోను గోడకు ఆనించి పెడితే తమ్ముడు దాని ముందు కదలకుండా కూర్చుంటాడు.

ఒక ఆదివారం నోటుబుక్కు పట్టుకుని వాడి పక్కన నేనూ కూర్చున్నాను. ముందు మంచి చెబుతాను. గొంతు స్పష్టంగా ఉంది. ‘ళ’, ‘ణ’ మనలో చాలామందికన్నా బాగా పలికారు. అక్షరాలు పెద్దగా, అందంగా ఉన్నాయి. మన ఊళ్లో చిన్నపిల్లలకు తెలుగు వినిపించేవి ఎన్ని ఉన్నాయి? ఆ మేరకు మెచ్చుకోవాలి.

ఇక లోపాలు. మొదటిది వేగం. బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో వేళ్ల మీద లెక్కపెడదామంటే నిమిషం కాకముందే రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి. ఆవు వచ్చింది, అది ఆవు అని తెలిసేలోపే బస్సు వచ్చింది. రెండోది, అందులో మన ఇల్లు లేదు. పచ్చటి కొండ మీద మెడలో గంట కట్టుకున్న మచ్చల ఆవు ఉంది. మా గల్లీ మూలన రోజూ పడుకునే బర్రె లేదు. తమ్ముడి చేతికి అందే చాట, చెంబు, కత్తెర లేవు.

అన్నిటికన్నా పెద్ద లోపం మూడోది. ఆ వీడియోలో అక్క “ఇదేమిటో చెప్పండి?” అని అడుగుతుంది. రెండు క్షణాలు ఆగి “శభాష్! ఆవు!” అంటుంది. తమ్ముడు ఏమీ అనలేదు. అయినా శభాష్. ఒకసారి “బౌ” అన్నాడు. అప్పుడూ శభాషే. వాడు నీళ్లు తాగడానికి లేచిపోయాడు. ఖాళీ చాపను చూసి కూడా ఆమె “శభాష్” అంది. నాకు మొదట నవ్వొచ్చింది, తరవాత రాలేదు. మాట్లాడినా మాట్లాడకపోయినా ఒకటే అని వాడికి రోజూ నేర్పుతున్నది ఎవరు?

ఈ సంగతి మా సైన్స్ సార్‌కు చెప్పాను. ఆయన కొన్ని పరిశోధనలు చూపించి విడమరచి చెప్పారు. 2010లో అమెరికాలో జూడీ డిలోచ్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు ఇలాంటి మాటలు నేర్పే వీడియోనే పరీక్షించారు. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలు నాలుగు వారాలు చూశారు. చూసినవాళ్లు చూడనివాళ్లకన్నా ఎక్కువ మాటలేమీ నేర్చుకోలేదు. వీడియో లేకుండా అమ్మానాన్నలు రోజువారీ పనుల్లోనే ఆ మాటలు నేర్పిన పిల్లలకు ఎక్కువ వచ్చాయి. ఆ వీడియో బాగా నచ్చిన తల్లిదండ్రులే పిల్లలు ఎంతో నేర్చుకున్నారని అనుకున్నారట. అది వినగానే అమ్మ గుర్తొచ్చింది.

2014లో వచ్చిన ఇంకో పరిశోధన మా తమ్ముడి వయసు పిల్లల మీదే జరిగింది. కొందరికి ఎదురుగా మనిషి కూర్చుని కొత్త మాటలు నేర్పారు. కొందరికి వీడియో కాల్‌లో నేర్పారు. మిగతావారికి ముందే తీసిన వీడియో చూపించారు. మొదటి రెండు గుంపుల పిల్లలు నేర్చుకున్నారు. మూడో గుంపు నేర్చుకోలేదు. వీడియో కాల్ కూడా తెరే కదా! తేడా ఒక్కటే. కాల్‌లో మనిషి పిల్లవాడిని చూసి, విని, వాడికి తగ్గట్టు జవాబిస్తుంది.

ఇది మా ఇంట్లో నేను ముందే చూశాను, అర్థం చేసుకోలేదంతే. సిరిసిల్లలో ఉన్న మేనత్త కాల్ చేస్తే తమ్ముడు చెంచా తెచ్చి చూపిస్తాడు. “ఏందిరా అది? బువ్వ తిన్నవా?” అంటే “బువ్వ” అంటాడు. అదే ఫోను, అదే తమ్ముడు! రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని చెప్పే మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా చుట్టాలతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదు, అదీ పెద్దవాళ్లు దగ్గరుండి చూపించాలి అంది.

కాబట్టి నా పాత ఉపన్యాసంలో తప్పు ఇది. నేను ఫోనును రాక్షసుణ్ణి చేశాను. అమ్మలను దోషులను చేశాను. ఎక్కువసేపు తెర చూసే పిల్లలకు మాటలు ఆలస్యమవుతాయని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. కానీ ఫోను వల్ల మాటలు తగ్గాయా, మాట్లాడే తీరిక లేని ఇంట్లో ఫోను ఎక్కువైందా? రెండూ పెనవేసుకునే ఉంటాయని సార్ అన్నారు. వెయ్యి బీడీలు చుట్టే చేతులకు “పిల్లవాడితో ఆడుకో” అని వేదిక మీద నిలబడి చెప్పడం తేలిక. నాయనమ్మ మాత్రం మొదటి నుంచీ ఒకటే అంటుంది: “వాడు ఎవరితోటి మాట్లాడాలె బిడ్డా? మీరెవరన్న వానితోటి మాట్లాడుతున్నరా?”

అప్పటి నుంచి ఇంట్లో చిన్న మార్పు చేశాం. వీడియో అరగంటే, అదీ నేను బడి నుంచి వచ్చాక. ఆ అక్క ప్రశ్న అడగగానే ఆపేస్తాను. ఆగుతాను. మొదటి రోజుల్లో ఫోను నడిపించమని తమ్ముడు ఏడ్చాడు. తరవాత ఒకసారి నా మొహం చూసి “ఆవు” అన్నాడు. అప్పుడు నేను శభాష్ అన్నాను. అమ్మ కూడా చుడుతూనే “ఇది ఆకు, ఇది దారం” అని చెబుతోంది. నోటికి పని లేదు కదా అని నవ్వుతోంది. డాక్టరుకు కూడా చూపించాం. చెవులు బాగానే వినిపిస్తున్నాయట. రెండు భాషలు విన్నందువల్ల మాటలు ఆగవని, తెలుగు మానొద్దని ఆయన చెప్పారు.

తమ్ముడు ఇంకా గలగలా మాట్లాడటం లేదు. మాటలు కొద్దికొద్దిగా పెరుగుతున్నాయి. నా తోటి విద్యార్థులకు ఒక్క మాట. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు తీరిక తక్కువ. బడి నుంచి వచ్చాక మనకు కాస్త ఉంటుంది. తమ్ముడి ముందు, చెల్లెలి ముందు ఫోను పెట్టినప్పుడు పక్కన కూర్చోండి. ప్రశ్న వచ్చినచోట ఆపండి. జవాబు వచ్చేదాకా ఆగండి.