కొలెస్టరాలును లోనికి చేర్చునది ఏది?
స్టార్ ప్రోటీను పరిశోధనపై ఒక విమర్శ

మన శరీరములో వృషణములు, అండాశయములు, మూత్రపిండముల మీద టోపీల వలె అమరియున్న అధివృక్క గ్రంథులు స్టిరాయిడు హార్మోనులను తయారుచేయును. వీటన్నిటికిని మూలపదార్థము కొలెస్టరాలు. గుండెజబ్బుల ప్రసంగములో దీని పేరు విని భయపడుటకు అలవాటుపడిన విద్యార్థులు, ఇది లేనిదే టెస్టోస్టిరోను గాని, ప్రొజెస్టిరోను గాని, కార్టిసాలు గాని లేదను సంగతి గుర్తుంచుకొనవలెను. 27 కర్బన పరమాణువులు గల కొలెస్టరాలు నుండి ఆరింటిని తొలగించి, 21 కర్బన పరమాణువులు గల ప్రెగ్నెనొలోనుగా మార్చుట ఈ తయారీలో మొదటి మెట్టు. ఈ పని చేయు ఎంజైము మైటోకాండ్రియాకు గల రెండు పొరలలో లోపలి పొర యందుండును.

చిక్కు ఇచ్చటనే ఉన్నది. కొలెస్టరాలు నీటిలో కరుగదు. బయటి పొరను చేరిన కొలెస్టరాలు, రెండు పొరల నడుమనున్న నీటి ప్రదేశమును దాటి తనంత తాను తగిన వేగముతో లోపలికి పోలేదు. మిల్లు వాకిట వడ్ల బస్తాలున్నవి, లోపల యంత్రము సిద్ధముగా ఉన్నది, బస్తా మోయు హమాలీ మాత్రము లేడు. యంత్రము చెడలేదనుటకు రుజువు కలదు. నీటితో కొంత చెలిమి గల కొలెస్టరాలు రూపమును, అనగా అదనముగా హైడ్రాక్సిలు చేర్చిన దానిని, ఈ కణములకు అందించినచో అది హమాలీ లేకుండగనే లోపలికి చేరును. హార్మోను వెంటనే తయారగును. కావున అడ్డంకి తయారీలో లేదు, రవాణాలో ఉన్నది.

ఈ హమాలీ ఎవరను అన్వేషణ చాలకాలము సాగినది. 1963లో ఫెర్గూసన్, 1965లో గారెన్, ఆయన సహచరులు ఒక విశేషమును చూపిరి. పీయూష గ్రంథి నుండి ఆజ్ఞ వచ్చిన పిదప అధివృక్క కణములు కొద్ది నిమిషములలోనే హార్మోనును అధికముగా తయారుచేయును. కాని కణములో కొత్త ప్రోటీనుల తయారీని మందులతో ఆపినచో ఆ స్పందన ఆగిపోవును. దీనినిబట్టి, ఆజ్ఞ అందినపుడు పుట్టి త్వరలోనే నశించు ప్రోటీను ఏదో ఒకటి ఉండవలెనని తేలెను. 1980 తరువాతి దశకములో ఆర్మ్–జాన్సన్ బృందము ఈ లక్షణములు గల ప్రోటీనులను గుర్తించెను. 1994లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన డగ్లస్ స్టాకో, బార్బరా క్లార్క్, వారి సహచరులు ఎలుక వృషణపు కణితి కణముల నుండి అట్టి ప్రోటీనును శుద్ధిచేసి, దాని జన్యువును వేరుచేసి, దానికి స్టార్ అని పేరు పెట్టిరి.

ఈ పరిశోధనను మెచ్చుకొనవలసినది పేరు పెట్టినందుకు కాదు, పెట్టిన పరీక్షలకు. పీయూష హార్మోను ఆజ్ఞ లేకుండగనే స్టార్ జన్యువును కణములలో పనిచేయించినచో స్టిరాయిడు తయారీ పెరిగెను. ఇది మొదటి పరీక్ష. 1995లో అంతకంటె గట్టి పరీక్ష మానవులలోనే లభించెను. పుట్టుకతోనే అధివృక్క గ్రంథులు కొవ్వుతో నిండిపోయి, దేహములోని ఉప్పు కోల్పోయి, చికిత్స లేనిచో శిశువులు మరణించు వ్యాధి ఒకటి కలదు. ఆ శిశువులలో స్టార్ జన్యువు చెడియున్నదని వాల్టర్ మిల్లర్, జెరోమ్ స్ట్రాస్ ప్రభృతులు స్టాకో బృందముతో కలిసి నిరూపించిరి. 1997లో ఆ జన్యువును తొలగించిన ఎలుకలు కూడ పుట్టిన పిదప అధివృక్క హార్మోనుల లోపముతో మరణించెను. చేర్చిన పెరిగినది, తీసివేసిన ఆగినది. ఒక పదార్థము ఒక పనికి ఆవశ్యకమని చెప్పుటకు ఇంతకుమించిన సాక్ష్యము అరుదు.

అయినను స్టార్ ఉన్నదని నిరూపించుట వేరు, అది ఎట్లు పనిచేయునో చెప్పుట వేరు. ఈ ప్రోటీను మైటోకాండ్రియాలోనికి ప్రవేశించునపుడు రెండు పొరలును తాకి దారి ఏర్పడుననియు, ఆ దారిని కొలెస్టరాలు పోవుననియు స్టాకో మొదట ఊహించెను. ఊహ అందముగానే ఉన్నది. కాని 1996లో స్ట్రాస్ బృందము, లోనికి ప్రవేశించుటకు కావలసిన ముందు భాగమును కత్తిరించి చూడగా, లోపలికి పోలేని ఆ ప్రోటీను కూడ చక్కగా పనిచేసెను. 2002లో బోస్, లింగప్ప, మిల్లర్ అను మువ్వురు స్టార్ బయటి పొర వద్దనే పనిచేయుననియు, లోపల ఉంచినచో నిష్ప్రయోజకమగుననియు చూపిరి. ఊహ వీగిపోయినది, ప్రయోగ ఫలితము మాత్రము నిలిచినది. ఈ భేదమును విద్యార్థులు గ్రహింపవలెను.

ఇదే కాలములో మరియొక ప్రోటీను హమాలీ పదవికి పోటీకి వచ్చెను. డయజిపామ్ వంటి మందులు అంటుకొను ఒక ప్రోటీను 1977లో ఎలుక మూత్రపిండములో కనబడినది. అది మైటోకాండ్రియా బయటి పొరలో ఉండును, స్టిరాయిడులు తయారగు అవయవములలో సమృద్ధిగా ఉండును, కొలెస్టరాలును పట్టుకొనును, దానికి అంటు మందులు హార్మోను తయారీని పెంచును. వస్సిలియోస్ పపడోపూలోస్ బృందము 1997లో ఒక కణితి కణజాతిలో దాని జన్యువును చెరిపినచో స్టిరాయిడు తయారీ తగ్గినదని ప్రకటించెను. 2006లో దానికి చేరవేయు ప్రోటీను అను అర్థము గల పేరే పెట్టబడినది. తీర్పు రాకముందే తీర్పు పేరులో చేరినది. ఆందోళనను తగ్గించు మందులను సయితము దీని ఆధారముగా రూపొందింప ప్రయత్నములు జరిగెను.

2014లో పరీక్ష ఎదురైనది. ఆ జన్యువును పూర్తిగా తొలగించిన ఎలుకలు బ్రతికినవి, పిల్లలను కన్నవి, వాటి స్టిరాయిడు హార్మోనులు సరిగానే ఉన్నవి. ఈ ఫలితము కార్నెల్ విశ్వవిద్యాలయములోని విమల్ సెల్వరాజ్ బృందమునకు వచ్చినది. ఆ పరిశోధకులలో స్టాకో కూడ నొకడు గనుక, పోటీదారు పక్షపాతమేమో అని ఎవరైనను శంకింపవచ్చును. శంక న్యాయమే. కాని అదే ఏట ఆస్ట్రేలియాలో బనాటీ బృందము స్వతంత్రముగా తయారుచేసిన ఎలుకలును బ్రతికి పిల్లలను కన్నవి. 2015లో మరియొక దెబ్బ తగిలినది: ఈ ప్రోటీను బొత్తిగా లేని కణములలో సయితము ఆ మందు హార్మోను తయారీని పెంచెను. అనగా మందు ఫలితమును ప్రోటీను ఖాతాలో వ్రాయుటకు వీలులేదు. పపడోపూలోస్ బృందము 2015లోనే తమ ఎలుకలలో లోపములు కనబడినవని బదులు చెప్పినది. ఆ వాదమును ఆలకింపవలసినదే. అయినను స్టార్ లేనిచో ప్రాణము పోవుచుండగా, ఇది లేకున్నను సంసారము సాగుచున్నప్పుడు, రెండింటిని ఒకే పీట మీద కూర్చుండబెట్టుట తగదు.

స్టార్ కథలోను లోపములు లేకపోలేదు. గర్భిణి జరాయువు, అనగా మావి, స్టార్ లేకుండగనే ప్రొజెస్టిరోనును తయారుచేయును. అందుచేతనే వ్యాధిగ్రస్తుడైన శిశువు కూడ నెలలు నిండువరకు గర్భమున నిలుచును. మరియు ఈ ప్రోటీను ఆకృతిలో ఒక్క కొలెస్టరాలు అణువుకు మాత్రమే చోటు గల గుంట ఉన్నదని అంచనా. కాని ఒక్కొక్క స్టార్ అణువు వలన వందలాది కొలెస్టరాలు అణువులు లోనికి చేరును. అది ఒక్కొక్క బస్తాను మోయు హమాలీయా, లేక తలుపు తెరచు కావలివాడా? మన పోలిక ఇచ్చట తడబడుచున్నది. స్టార్ కొలెస్టరాలును మోయును అని ఒక్క వాక్యములో ముగించు పాఠము సగము సత్యమే చెప్పుచున్నది.

ఉపాధ్యాయులకు ఈ చరిత్ర మంచి పాఠము. ఒక పదార్థము తగిన చోట ఉండుట, తగిన దానిని పట్టుకొనుట, మందుకు స్పందించుట—ఇవి అనుమానమునకు ఆధారములు మాత్రమే. దానిని తీసివేసినపుడు పని ఆగినదా, తిరిగి చేర్చినపుడు సాగినదా, ఇతరుల చేతులలోను అదే ఫలితము వచ్చినదా అను మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే నమ్మవలెను. తరగతిలో ఈ రెండు ప్రోటీనుల పేర్లను బల్ల మీద వ్రాసి, ఒక్కొక్క ప్రశ్నను వరుసగా వేసినచో, ఏది నిలుచునో విద్యార్థులే చెప్పగలరు.