పాఠశుద్ధి – అర్థశుద్ధి: తెలుగు బైబిలు ప్రామాణ్య విచారము

క్రైస్తవ గ్రంథము విశ్వసనీయమా, కాదా యను ప్రశ్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములనుండి వచ్చు మా విద్యార్థుల నోట తరచుగ వినవచ్చుచున్నది. కొందఱు భయముతో అడుగుదురు. కొందఱు జయింపవలెనని అడుగుదురు. రష్యానుండి వచ్చిన మెనొనైటు మిషనరీ అబ్రహాము ఫ్రీసెన్ 1890 ప్రాంతమున నల్లగొండలో బాప్టిస్టు మిషను కేంద్రమును నెలకొల్పెను. ఆ కృషి పిమ్మట సూర్యాపేటకును వ్యాపించెను. నాటినుండి ఆ సీమ ప్రజలు బైబిలును వినుచున్నది హీబ్రూలో గాని గ్రీకులో గాని కాదు, తెలుగున. కావున వారి ప్రశ్నకు సమాధానము తెలుగు పాఠమును విడిచి చెప్పుట సాధ్యము కాదని మా యభిప్రాయము.

ఈ వివాదమున మూడు వేర్వేఱు ప్రశ్నలు కలిసిపోవుచున్నవి. మూలపాఠము చెడక వచ్చినదా? అనువాదము మూలమును అనుసరించినదా? చెప్పబడిన విషయము సత్యమా? మూడవది చరిత్రకును విశ్వాసమునకును సంబంధించినది. దాని నిచట స్పృశింపము. మొదటి రెండును భాషాసాహిత్య పరిశోధకుల పరిధిలోనివి. తాళపత్ర ప్రతులను సరిచూచి కావ్యపాఠములను నిర్ణయించు మనకు అవి అపరిచితములు కావు. వేమన పద్యములకు ప్రతులు సేకరించిన సి.పి. బ్రౌను బైబిలు అనువాదమునందును కృషి చేసియుండుట ఇచట స్మరణీయము.

మొదట పాఠవిషయము. మృతసముద్రతీరమున కుమ్రాను గుహలలో 1947 మొదలు లభించిన చుట్టలలో యెషయా గ్రంథము ఇంచుమించు సమగ్రముగ నున్నది. అంతకు ముందు తెలిసిన సంపూర్ణ హీబ్రూ ప్రతులకంటె అది సుమారు వేయి యేండ్లు ప్రాచీనము. రెంటిని సరిపోల్చగా వర్ణక్రమ భేదములు పెక్కు, అర్థభేదములు కొన్ని కనబడినవి. గ్రంథస్వరూపము మాత్రము నిలిచియున్నది. అట్లని చేర్పులు లేవనరాదు. యోహాను మొదటి పత్రిక అయిదవ అధ్యాయమున, పరలోకమందలి ముగ్గురు సాక్షులను పేర్కొను వాక్యము ప్రాచీన గ్రీకు ప్రతులలో లేదు. ఎరాస్మసు 1516, 1519 ముద్రణములలో దానిని చేర్పక, 1522 ముద్రణమున చేర్చెను. 1611 నాటి ఆంగ్లానువాదమున అది నిలిచినది. నేడు మన సంఘములలో చదువబడుచున్న పాత తెలుగు అనువాదమున అది లేదు. త్రిత్వసిద్ధాంతమునకు అంతటి అనుకూలమైన వాక్యమును విడుచుటకు సాహసము కావలెను. గ్రంథము మార్పు నెఱుగదనువారికిని, స్వార్థముకొఱకు మార్చిరనువారికిని ఈ యొక్క స్థలమే సమాధానము.

ఇక అర్థవిషయము. యెషయా ఏడవ అధ్యాయమున హీబ్రూ మూలమందలి పదము ‘అల్మా’. దానికి యువతి యని అర్థము. క్రీస్తుకు పూర్వపు గ్రీకనువాదమున ‘పార్థెనోస్’ అనగా పురుషసంగము లేని కన్య యని యున్నది. మత్తయి ఆ గ్రీకు పదమునే గ్రహించెను. తెలుగున రెండు చోట్లను ‘కన్యక’ యే. కుమ్రాను చుట్టలోను ‘అల్మా’ యే కలదు. అనగా ఇచట పాఠము స్థిరము, వివాదము అర్థమును గూర్చినది. మన వాడుకలో కన్యాశబ్దము ప్రధానముగ పెండ్లికాని పిల్లను చెప్పును. ‘కన్యాశుల్కము’ అను సమాసమున ఆ యర్థమే స్పష్టము. కావున ‘కన్యక’ అల్మాకు దవ్వు కాదు, పార్థెనోసునకును చెల్లును. అయినను రెండు మూలముల భేదము ఒకే పదము వెనుక మఱుగుపడినది. దీనిని అనువాదకుల మోసమనుట తొందరపాటు. భేదమే లేదనుట అజ్ఞానము.

వేఱొక విధమైన చిక్కు లూకా సువార్తలో కలదు. పొట్టివాడైన జక్కయ్య యేసును చూచుటకు ఎక్కిన చెట్టు తెలుగున మేడిచెట్టు. పాలస్తీనాలోని ఆ చెట్టును మన మేడియు ఒకే జాతివి కావు. కాని ఒకే కుటుంబమునకు చెందినవి. రెండును బోదెను అంటిపెట్టుకొని కాయలు కాచునవే. మిర్యాలగూడ రైతునకు చెట్టు కన్నులకు కట్టును. అయితే మేడిపండనగనే తెలుగువానికి వేమన గుర్తుకు వచ్చును; పైమెఱుగు, లోపురుగు తలపునకు వచ్చును. సుంకరుల పెద్దయగు జక్కయ్య కథకు ఆ ధ్వని చక్కగ నొప్పును. కాని అది మూలమున లేనిది. అనువాదము మూలమును తగ్గించుటయే కాదు, పెంచుటయు కలదు.

ఇట్టి నిర్ణయములను చేసినవారు పాశ్చాత్యులు మాత్రమే కారు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అను మిషనరీలకు ఆనందరాయరు అను తెలుగు పండితుడు తోడ్పడెను. వారి సువార్తల అనువాదము 1812లో శ్రీరామపూరున అచ్చయ్యెను. నాటినుండి జరిగిన పరిష్కారములలో ఏ పదము ఎప్పుడు వచ్చినదో, ఏది ఎందుకు తొలగినదో ముద్రణములను వరుసగ పెట్టి చూచినగాని తేలదు. ఆ పని తెలుగు శాఖలది.

ప్రామాణ్యమనగా భేదములు లేకుండుట కాదు. భేదము లెచట నున్నవో తెలిసి, వానిని దాచకుండుట. సూర్యాపేటనుండి వచ్చు విద్యార్థి భయపడి అడిగినను, జయింపనెంచి అడిగినను, అధ్యాపకుడు అతని చేతిలో పెట్టవలసినది తీర్పు కాదు, సరిచూచుటకు రెండు ప్రతులు.