కంచె ఆపలేని పుప్పొడి

అరుదైన మొక్కలను గురించిన పాఠములలో తరచుగా వినవచ్చు కథ ఒక్కటే: పశువులు మేసినవి, మనుష్యులు కంచె వేసిరి, మొక్క బ్రతికినది. తరగతిలో చెప్పుటకు ఈ కథ అనుకూలమైనదే. కాని ఇది సగము సత్యము మాత్రమే. కాటలీనా మహాగని చరిత్ర ఇందుకు నిదర్శనము.

అమెరికాలోని కాలిఫోర్నియా తీరమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున సాంటా కాటలీనా ద్వీపము కలదు. అచ్చటి ఒకే ఒక లోయలో ఈ పెద్ద పొద సహజముగా పెరుగును. పేరు మహాగని యైనను, కలపనిచ్చు మహాగనితో దీనికి చుట్టరికము లేదు. అది వేప కుటుంబమునకు, ఇది గులాబి కుటుంబమునకు చెందినవి. దీని ఆకులు దళసరిగా నుండును. అడుగు భాగమున తెల్లని నూగు కనిపించును. 1897లో బ్లాంచ్ ట్రాస్క్ అను మహిళ దీనిని కనుగొనగా, మరుసటి సంవత్సరము వృక్షశాస్త్రజ్ఞురాలు ఆలిస్ ఈస్ట్‌వుడ్ దీనికి సెర్కోకార్పస్ ట్రాస్కియే అని పేరిడెను.

అప్పుడు నలుబదికి పైగా ఉన్న మొక్కలు 1970 దశకము చివరకు సుమారు 7కు తగ్గినవి. మనుష్యులు ద్వీపమునకు తెచ్చిన మేకలు లేత కొమ్మలను మేసినవి. పందులు నేలను పెళ్లగించినవి. కంచె వేసిన పిదప మొలకలు తలయెత్తినవి. కథ ఇంతటితో ముగిసినచో బాగుండెడిది.

1989లో రీస్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన మరొక సంగతి తెలిపినది. ఎంజైములను పరీక్షింపగా, పెద్ద మొక్కలలో కొన్ని, మొలకలలో కొన్ని సంకరములని తేలినది. ద్వీపమున విరివిగా పెరుగు మరొక సెర్కోకార్పస్ పుప్పొడి గాలిలో వచ్చి వీటిపై పడుచున్నది. కంచె మేకను ఆపును, గాలిని ఆపలేదు.

సంకర మొక్కజొన్న అధిక దిగుబడి నిచ్చును గదా, సంకరము చెడ్డది ఎట్లగునని విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. మొక్కజొన్న విషయమున తల్లిదండ్రుల వంగడములు విత్తన క్షేత్రములలో వేరుగా, భద్రముగా ఉండును. ఇచ్చట తల్లి వంగడమే వ్రేళ్లపై లెక్కింపదగినంత. ఒక జాతి అల్పసంఖ్యలో, దాని బంధుజాతి విస్తారముగా ఉన్నప్పుడు, తరతరమునకు అల్పసంఖ్యగల జాతి గుణములు పలుచబడును. కావున మేకల వలని హాని మేకలతో పోలేదు. అవి సంఖ్యను తగ్గించినవి. సంఖ్య తగ్గుటచే సంకరము ముప్పుగా మారినది.

కనుక మొలకలు పెరిగినవని సంతోషించుట తొందరపాటు. ఏ మొలక ఏ జాతిదో తెలియనిదే లెక్క పూర్తికాదు. 1997లో అమెరికా ప్రభుత్వము దీనిని అంతరించు ప్రమాదముగల జాతిగా ప్రకటించినది. అట్టి మొక్కకు కంచె అవసరమే. దానితోపాటు పరీక్షలో నిగ్గుతేలిన మొక్కల నుండి కొమ్మలు తీసి నాటుట, వాటి విత్తనములను పరపుప్పొడి సోకకుండ సేకరించుట కూడ అవసరము. ఉపాధ్యాయులు ఈ పాఠము చెప్పునప్పుడు "ఎన్ని మిగిలినవి?" అని అడుగుటతో ఆగక, "మిగిలినవి ఏ జాతివి?" అని కూడ అడిగించిన మేలు.