తర్కం నేర్పే ఆటపుస్తకం: ఒక పరిశీలన

పాత పుస్తకాలు సేకరించేవారికి ‘ది గేమ్ ఆఫ్ లాజిక్’ తొలి ముద్రణ అపురూపమైన వస్తువు. దానితోబాటు కవరులో పెట్టి ఇచ్చిన అట్ట, తొమ్మిది బిళ్ళలు కూడ పోకుండ ఉంటే దాని విలువ మరింత హెచ్చు. కాని మనకు కావలసినది ఆ విలువ కాదు. ఈ పుస్తకం మన ఉన్నత పాఠశాలలకు ఏ మేరకు ఉపకరిస్తుందన్నదే మన ప్రశ్న.

దీని కర్త లూయిస్ కరోల్. అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్ (1832-1898). ఆక్స్‌ఫర్డులో గణితోపాధ్యాయుడు. 1886లో అచ్చయిన ప్రతుల ముద్రణ ఆయనకు నచ్చలేదు. మళ్ళీ అచ్చు వేయించి 1887లో మాక్మిలన్ కంపెనీ ద్వారా ప్రకటించాడు.

ఆట స్వరూపం ఇది. ఒక పెద్ద చతురస్రాన్ని నాలుగు గళ్ళుగా విభజించి, నడుమ ఒక చిన్న చతురస్రం గీస్తే మొత్తం ఎనిమిది గళ్ళు వస్తాయి. ఎర్రబిళ్ళ పెట్టిన గడిలో కనీసం ఒక వస్తువైనా ఉన్నదని అర్థం. బూడిదరంగు బిళ్ళ పెట్టిన గడి శూన్యం. ఏ బిళ్ళా లేకపోతే సంగతి మనకు తెలియదన్నమాట.

తొండూరు బడిలో దీనిని ఆడించడానికి కవరు అక్కరలేదు. నేలమీద సుద్దముక్కతో గళ్ళు గీసి, ఎర్రబిళ్ళలకు నాలుగు చింతగింజలు, బూడిదబిళ్ళలకు ఐదు గులకరాళ్ళు తీసుకుంటే చాలు. పులివెందుల ప్రాంతపు పిల్లలకు చీనీకాయలు తెలియనివి కావు. వాటినే ఉదాహరణగా తీసుకుందాం. పైవరుస మన తోటకాయలకు, క్రిందివరుస ఇతరుల కాయలకు. ఎడమప్రక్క పుల్లని కాయలకు, కుడిప్రక్క పుల్లగా లేనివాటికి. నడిమి చతురస్రం పండిన కాయలకు.

“మన తోటకాయలు కొన్ని పండినవి.” అవి పుల్లనివో కావో ఈ వాక్యం చెప్పదు. కాబట్టి చింతగింజను నడిమి చతురస్రంలో పైవరుస రెండు గళ్ళ మధ్య గీతమీదనే ఉంచాలి. “పండిన కాయ ఏదీ పుల్లగా ఉండదు.” నడిమి చతురస్రంలో ఎడమ గళ్ళు రెండింటిలోను గులకరాళ్ళు పడతాయి. గీతమీది గింజ కుడిగడిలోనికి జరుగుతుంది. మన తోటకాయలలో కొన్ని పుల్లగా లేవని తేలింది.

“అయితే మిగిలినవి పుల్లనివే గదా!” అని ఎవరో ఒకరు తప్పక అంటారు. మిగిలిన గళ్ళను చూడమనండి. అక్కడ గింజ లేదు, రాయి లేదు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకూడదనే పాఠాన్ని ఈ ఖాళీగళ్ళు నేర్పినంత చక్కగా వల్లెవేయించిన సూత్రాలు నేర్పలేవు. ఈ పుస్తకంలోని గొప్పదనం ఇదే.

లోపాలు లేకపోలేదు. దీనిని ఆట అన్నారు గాని, ఇందులో గెలుపూ ఓటమీ లేవు. అభ్యాసాల సంఖ్య పెరిగేకొద్దీ ఉత్సాహం తగ్గుతుంది. “రాముడు సోముని కంటె పొడవు” వంటి సంబంధాలకు ఈ గళ్ళలో చోటు లేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. “అన్నీ” అన్నచోట అట్టివి కొన్ని నిజంగా ఉన్నట్లే కరోల్ గ్రహించాడు. నేటి తర్కశాస్త్రం అలా ఒప్పుకోదు. ఉపాధ్యాయుడు ఈ తేడా ముందే చెప్పడం మంచిది.

ఈ సందర్భంలో ‘తర్కసంగ్రహం’ రచించిన మన అన్నంభట్టు గుర్తుకు వస్తాడు. పదిహేడవ శతాబ్దపు ఆ పండితుడు కూడ బాలురకొరకే వ్రాశాడు. పొగను బట్టి నిప్పును ఊహించేటప్పుడు వంటిల్లు వంటి తెలిసిన తావును ఉదాహరణగా చూపాలని న్యాయశాస్త్ర నియమం. కరోల్ గళ్ళకు మన ఊరి ఉదాహరణలు తోడైతే ఆ నియమమూ నెరవేరుతుంది.

తొలి ముద్రణ ప్రతి అద్దాల బీరువాలో ఉండవచ్చు. ఆట మాత్రం తరగతి గది నేలమీద ఉండదగినది. ఒక్క పీరియడు కేటాయించి చూడండి. గింజను గీతమీద ఉంచి “ఇంకా తెలియదు, సార్” అని విద్యార్థి ధైర్యంగా చెప్పగలిగితే ఆ పీరియడు సార్థకమైనట్లే.