ఉమ్మడి పౌరస్మృతి: పెళ్ళి పీటలూ, పొలం గట్టూ

ఇన్ని మతాలున్న దేశానికి ఒకే కుటుంబ చట్టం వుండాలా, వద్దా? రాజ్యాంగంలోని 44వ అధికరణం వుండాలన్నది. ఎప్పుడు, ఎలాంటిదన్నది చెప్పలేదు. ఆనాటి నుంచి ఈ ప్రశ్న చుట్టూ రెండు పక్షాలు నిలబడి వున్నాయి. ఒక పక్షం జాతీయ సమైక్యత పేరు చెబుతుంది. రెండో పక్షం మతానికి ముప్పు వచ్చిందంటుంది. ఇరుపక్షాల వారూ మాట్లాడేది పెళ్ళి గురించి: ఎందరు భార్యలు, విడాకులు ఎలా, భరణం ఎంత? ఇంటి స్థలం, పొలం ఎవరి పేరున వుండాలన్న ప్రశ్న రాగానే రెండు పక్షాల గొంతులూ తగ్గుతాయి. ఈ మౌనాన్ని పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దీనితో సాహిత్య విమర్శకేమి పని అని పాఠకులు అడగవచ్చు. పని వున్నది. కుటుంబ శాసనం గురించి తెలుగువాడు ముందుగా తెలుసుకున్నది శాసనసభల చర్చల నుంచి కాదు, నాటకాల నుంచీ నవలల నుంచీ. మన సాహిత్యం ఏ ప్రశ్న వేసిందో, ఏది వేయలేదో చూస్తే చట్టం నడచిన దారి కూడా తెలుస్తుంది.

గురజాడ ఊహ మీద ఆధారపడి ‘కన్యాశుల్కం’ రాయలేదు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో శుల్కం తీసుకొని జరిపిన పెళ్ళిళ్ళ పట్టిక తయారు చేయిస్తే 1,034 లెక్కకు వచ్చాయని 1897 నాటి పీఠికలో ఆయనే చెప్పాడు. ఆడపిల్ల అమ్ముడుపోయే వస్తువన్న సత్యాన్ని ఆ నాటకం నగ్నంగా చూపింది. వితంతు వివాహాన్ని గిరీశం నోట పెట్టి, సంస్కరణోపన్యాసాల బోలుతనాన్నీ చూపింది. అయితే ఆ ఉపన్యాసాలకు ఆధారమైన 1856 నాటి వితంతు వివాహ శాసనంలో రెండో సెక్షన్ ఒకటి వున్నది. మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై వున్న హక్కు, ఆమె చనిపోయినట్లే లెక్కగట్టి, తర్వాతి వారసులకు పోతుంది. ఒక చేత్తో తాళి ఇచ్చి, రెండో చేత్తో భూమి లాక్కున్న శాసనమది. సంస్కర్తల విజయోత్సాహంలో ఈ సెక్షన్ మరుగున పడింది.

చలం ‘మైదానం’ 1927లో వచ్చింది. లాయరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోయింది. అప్పటికి ఆమెకు విడాకులిచ్చే హిందూ శాసనం లేదు. 1872 నాటి ప్రత్యేక వివాహ శాసనం, 1923 సవరణ తర్వాత కూడా, హిందువూ ముస్లిమూ తమ మతాలలో వుంటూనే పెళ్ళాడడానికి ఒప్పుకోలేదు. చట్టంలో చోటు లేని జంటకు చలం మైదానంలో చోటు చూపాడు. అది సాహసమే. కాని ఆ మైదానం ఎవరి పట్టాలో వున్నది, రేపు రాజేశ్వరి ఒంటరిదైతే తలదాచుకునే చూరు ఏది అని నవల అడగదు. దేహానికి స్వేచ్ఛ కోరిన రచయిత ఆ దేహం నిలబడవలసిన జానెడు నేల గురించి ఆలోచించలేదు. ఇది ఒక్క చలం లోపం కాదు, సంస్కరణ యుగమంతటిదీ.

నిజానికి ఆస్తి విభాగం తెలుగు సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. 13వ శతాబ్దిలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేర మితాక్షర ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాలలో చెప్పాడు. అంత పాత ప్రశ్నను ఆధునిక సాహిత్యం పక్కకు పెట్టింది.

ఇక శాసనాలను వరసగా చూద్దాం. 1916 నాటి తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతో, ఐదు వేల రూపాయలో, ఏది తక్కువైతే అది ఇమ్మన్నది. మేరీ రాయ్ కోర్టుకెక్కి, 1986లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా అక్కడ అదే న్యాయం. 1937 నాటి షరియత్ శాసనం స్థానికాచారాలను తొలగించి ముస్లిం స్త్రీకి ఖురాన్ చెప్పిన వాటా ఇప్పించడానికి వచ్చింది. కాని వ్యవసాయ భూమిని మినహాయించింది. అది ఆనాడు రాష్ట్రాల పరిధిలోని విషయమన్న మాట నిజమే. 1949లో మద్రాసు ప్రభుత్వం ఆ మినహాయింపును తొలగించింది కూడా. మిగతా చాలా చోట్ల పొలం మగవారికే మిగిలింది. అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు సాగనందుకు 1951లో మంత్రి పదవి వదులుకున్నాడు. తర్వాత ముక్కలుగా వచ్చిన చట్టాలలో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం, పుట్టుకతోనే మగపిల్లలకు వాటా వచ్చే ఉమ్మడి కుటుంబాన్ని చెక్కుచెదరనివ్వలేదు. అదే చట్టం గిరిజనులను తన పరిధిలోంచి తప్పించింది.

దేవుళ్ళు వేరు, గ్రంథాలు వేరు, పెళ్ళి మంత్రాలు వేరు. పొలం గట్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అన్ని మతాల మగవారూ ఏకాభిప్రాయానికి వచ్చారు. ఆస్తి విషయంలో మన దేశంలో ఏనాటి నుంచో ఒక ఉమ్మడి స్మృతి అమలులో వున్నది. దానికి పేరు పెట్టలేదు, అంతే.

కనుక ఒకే చట్టం కావాలనే వారిని మొదట అడగవలసింది: ఏ చట్టం వైపుకి ఒకటి కావాలి? హిందూ చట్టం ఆధునికమైనది, మిగతావి వెనుకబడినవి అన్న భావన ప్రచారంలో వున్నది. హిందువైన తండ్రి తన స్వార్జితాన్నంతా వీలునామా రాసి కూతురికి చిల్లిగవ్వ లేకుండా చేయవచ్చు. సామాన్యంగా ముస్లిం తండ్రి వీలునామా మూడో వంతుకు మించి చెల్లదు. పిల్లలూ భర్తా లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే, తాను చెమటోడ్చి సంపాదించినది సైతం ముందుగా భర్త తరపు వారసులకు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతనే. హిందూ అవిభక్త కుటుంబానికి ఆదాయపు పన్నులో ప్రత్యేక హోదా నేటికీ వున్నది. సమానత్వం కోరేవారిలో ఎందరు దీన్ని వదులుకోవడానికి సిద్ధం?

మతస్వేచ్ఛ పేరుతో ఏ మార్పూ వద్దనే వారినీ ఇంతే గట్టిగా అడగాలి. షాబానో 1985లో భరణం గెలిచింది. 1986లో పార్లమెంటు ఆ తీర్పును నీరుగార్చే శాసనం చేసింది. 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ శాసనానికే స్త్రీకి మేలు చేసే అర్థం చెప్పవలసి వచ్చింది. ముమ్మారు తలాక్‌ను 2017లో కొట్టివేయించినదీ ముస్లిం స్త్రీలే. ఫిర్యాదు చేసినవారు ఆ మతంలోనే పుట్టిన ఆడవారైనప్పుడు, మతం తరఫున మాట్లాడే అధికారం మగపెద్దలకే ఎవరిచ్చారు? అయితే 2019 శాసనం తలాక్ చెప్పిన ముస్లిం భర్తకు మూడేళ్ళ దాకా జైలు విధించింది. భార్యను వదిలేసి పోయిన హిందూ భర్తకు అలాంటి శిక్ష లేదు. ఇదేనా ఏకరూపత?

ఉత్తరాఖండ్ 2024లో ఉమ్మడి స్మృతి చేసి, 2025 జనవరి 27 నుంచి అమలులో పెట్టింది. కొడుకుకూ కూతురికీ మతంతో పనిలేకుండా సమాన వారసత్వం ఇవ్వడం అందులో మంచి భాగం. దాన్ని మంచిదనే చెప్పాలి. కాని గిరిజనులు అక్కడా బయటే వున్నారు. పెళ్ళి లేకుండా కలిసి బతికే జంట నెలలోగా రిజిస్ట్రారుకు తెలియజేయకుంటే మూడు నెలల దాకా జైలన్నారు. చలం జంట కాలంలో ఊరి జనం చేసిన కాపలాను ఇప్పుడు సర్కారు చేస్తానంటున్నది. వాటా పంచే చట్టానికి ఈ కాపలాతో పనేమిటి?

మరి దారి ఏది? 1948 నవంబరులో రాజ్యాంగ సభలోనే అంబేద్కర్ ఒక సూచన చేశాడు: మొదట్లో ఉమ్మడి స్మృతిని తమంతట తాము ఒప్పుకొన్న వారికే వర్తింపజేయవచ్చునని. అలాంటిది ఒకటి చేతిలోనే వున్నది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఏ మతం వారికైనా తెరిచిన తలుపు. కాని ఆ తలుపు ముందు 30 రోజుల బహిరంగ నోటీసు అనే కాపలాదారును నిలబెట్టారు. దాని కింద పెళ్ళాడిన ఇద్దరూ హిందువులైతే వారసత్వం మళ్ళీ హిందూ చట్టం ప్రకారమేనని 1976లో సవరించారు. ఉమ్మడి చట్టం లోపలికి వచ్చినవారిని ప్రభుత్వమే చేయిపట్టి వెనక్కు పంపిందన్నమాట. ముందు ఈ రెండు తప్పులూ దిద్దాలి. వీలునామాకు హద్దు పెట్టాలి. కాపురంలో కూడబెట్టిన దానిలో భార్యకు సగం రావాలి. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి వస్తున్న స్మృతిలో, వేరే ఒప్పందం లేకపోతే, దంపతుల ఆస్తి ఉమ్మడే. ఇలాంటి చట్టం ఎదురుగా వుంటే జనం తామే వచ్చి చేరతారు. ఉమ్మడి చట్టం కావాలి. అయితే అది ఆస్తితో మొదలు కావాలి.

చట్టం ఒక్కటే చాలదని ఆంధ్రదేశానికి అనుభవం వున్నది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతోనే వాటా ఇచ్చిన మొదటి రాష్ట్రం మనది. ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను మాత్రం మినహాయించింది. కేంద్రం 2005లో గాని మేలుకోలేదు. అయినా మన ఊళ్ళలో ఏం జరుగుతున్నది? పసుపు కుంకుమల కింద ఇచ్చిందే నీ వాటా అని చెప్పి, అన్నదమ్ములు హక్కు విడుదల దస్తావేజు మీద ఆడపడుచు చేత సంతకం చేయించుకుంటారు. సంతకం చేయకుంటే పుట్టింటి గడప మూసుకుపోతుంది. ఆ భయానికి విరుగుడు ఏ సెక్షన్‌లోనూ దొరకదు.

ఇక్కడే రచయితకు పని వున్నది. ప్రేమకు, పెళ్ళికి, విడాకులకు మన కథలూ నవలలూ చోటిచ్చాయి. రిజిస్ట్రారు కచేరీ వరండాలో వేలిముద్ర వేసి తిరిగి వెళ్ళే ఆడపడుచుకు ఇంకా తగినంత చోటు దొరకలేదు. ఆమె పేరు లక్ష్మి కావచ్చు, మరియమ్మ కావచ్చు, ఫాతిమా కావచ్చు. ఆమె వదులుకొని వచ్చేది ఒకే రకం నేల. ఆమె కథ చెప్పడం నేటి అభ్యుదయ సాహిత్యం బాధ్యత.